ఏ వయసులో డబ్బు ఎక్కడ పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

మా మామ ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. డబ్బు బ్యాంకులో పడిన మర్నాడే ఫోన్ చేసి తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గరికి రమ్మన్నాడు. టీ ఇంకా చేతికి రాకముందే అడిగేశాడు: "అల్లుడా, పద్దెనిమిది లక్షలొచ్చింది. ఎక్కడ పెడితే ఎక్కువొస్తుంది?"

"నీకు ఎప్పుడు కావాలి మామా?" అన్నాను.

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. కాసేపాగి, వచ్చే ఏడు చిన్నోడి పెళ్లికి ఐదు లక్షలు కావాలని, మిగతా దాంతో నెలనెలా ఇల్లు గడవాలని చెప్పాడు. సగం పని అక్కడే అయిపోయింది. ఇరవై ఏళ్లవాళ్లయినా అరవై ఏళ్లవాళ్లయినా ముందు వేసుకోవాల్సింది ఈ ప్రశ్నే. ఏడాదిలో కావాల్సిన డబ్బును పదిహేనేళ్లకు కట్టేసుకున్నా నష్టమే, ముప్పై ఏళ్ల తర్వాత కావాల్సిన దాన్ని సేవింగ్స్ ఖాతాలో పడేసి మర్చిపోయినా నష్టమే.

1. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి

ఇది అన్ని వయసులకూ. తిరుపతి వాళ్లకు దీని మీద పాఠం చెప్పక్కర్లేదు. 2020 మార్చి 20న కొండ మీద భక్తులకు దర్శనం ఆపేశారు, మళ్లీ జూన్‌లో గానీ మొదలవలేదు. టాక్సీలు, లాడ్జీలు, బస్టాండు దగ్గర టిఫిన్ బండ్లు అన్నీ ఒకేసారి మూతపడ్డాయి. అప్పుడు చేతిలో కాస్త డబ్బున్నవాళ్లు ఆటో అమ్ముకోలేదు, లేనివాళ్లు అమ్ముకున్నారు.

నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలు. యాత్రికుల రద్దీ మీద బతికేవాళ్లు తొమ్మిది నెలలకు చూసుకోవాలి. చిత్తూరు వైపు మామిడి తోటలున్నవాళ్లయితే ఏడాది మొత్తానికీ ఉంచుకోవాలి, ఎందుకంటే తోతాపురి డబ్బు ఏడాదికి ఒక్కసారే, అదీ గుజ్జు ఫ్యాక్టరీలు ఆ ఏడు ఇచ్చే రేటును బట్టి చేతికొస్తుంది. ఈ డబ్బును ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ఫోన్‌పే లింకయిన ఖాతాలో మాత్రం ఉంచొద్దు, బిర్యానీలకే అయిపోతుంది.

2. రూపాయి వడ్డీని ఏడాది లెక్కలోకి మార్చండి

మన దగ్గర వడ్డీ అంటే రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అప్పు తీసుకునేటప్పుడు "రెండు రూపాయలే కదా" అనిపిస్తుంది, ఏడాది లెక్క వేస్తే గుండె ఆగుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదవ పెట్టడం దానికన్నా ఎంతో చవక.

మామకు అసలు కోరిక ఇదే, డబ్బు రెండు రూపాయలకు తిప్పాలని. లక్షకు నెలకు రెండు వేలు! కానీ ఆలోచించండి. బంగారం ఉన్నవాడు, సరైన కాగితాలున్నవాడు బ్యాంకుకు పోతాడు. 24 శాతం కట్టడానికి ఒప్పుకుని మీ గడప తొక్కేవాడికి చాలాసార్లు ఆ రెండూ ఉండవు. వడ్డీ సరే, అసలు ఎక్కడి నుంచి తెస్తాడు?

3. ఇరవైల్లో ఉన్నవాళ్లకు

శ్రీసిటీలోనో రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలోనో మొదటి ఉద్యోగం దొరికింది, బండి ఈఎంఐ, ఫోన్ ఈఎంఐ మొదలయ్యాయి. వాటి సంగతి మీ ఇష్టం. నేను చెప్పేది రెండే.

ఒకటి, ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ డబ్బులు తీసేయకండి, కొత్త కంపెనీ ఖాతాకు మార్చుకోండి. రెండు, చిన్న మొత్తమే అయినా మొదలుపెట్టండి. నెలకు 2,000 చొప్పున మ్యూచువల్ ఫండ్‌లో (మన డబ్బును షేర్లలో పెట్టే పథకం) 25వ ఏట నుంచి 60 దాకా వేస్తూ పోతే, ఏడాదికి సగటున 10 శాతం పెరిగితే (గ్యారంటీ ఏమీ లేదు, లెక్క కోసం అనుకుందాం) దాదాపు 76 లక్షలవుతుంది. అదే 35వ ఏట మొదలుపెడితే 26 లక్షల చిల్లర. మధ్యలో మీరు కట్టకుండా మిగుల్చుకున్నది 2,40,000 మాత్రమే. ముప్పై ఏళ్ల తర్వాత కావాల్సిన డబ్బు కాబట్టే మ్యూచువల్ ఫండ్ ఎగుడుదిగుళ్లను ఈ వయసు తట్టుకోగలదు.

ఇక చీటీలు. ఇరవై మంది, నెలకు 5,000, లక్ష చీటీ అనుకోండి. ఎవరో 25,000 తగ్గించి పాడుకుంటే ఆయనకు 75,000 వస్తుంది. ఆ 25,000లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగతాది ఇరవై మందికీ తలా వెయ్యి, అంటే ఆ నెల మీరు కట్టేది 4,000. పద్ధతి చెడ్డది కాదు, మనిషి చెడ్డవాడైతేనే కష్టం. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీకి నిర్వాహకుడు ముందే సెక్యూరిటీ కట్టాలి. వీధి చీటీకి అదేమీ లేదు. నేను పద్నాలుగు నెలలు కట్టాక మా వీధి చీటీ ఆవిడ ఫోన్ స్విచాఫ్ అయింది, 56,000 పోయింది. ఆ నెల పాట నాదేనని షాపింగ్‌కు లిస్టు కూడా రాసిపెట్టుకున్నాను.

4. పెళ్లయి పిల్లలున్నవాళ్లకు

మీ జీతం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగే పరిస్థితి ఉంటే ముందు టర్మ్ పాలసీ (మీరు పోతేనే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా) తీసుకోండి, ఏడాది సంపాదనకు పది పదిహేను రెట్లు. బతికుంటే డబ్బు వెనక్కి రాదని పెదవి విరుస్తారు చాలామంది. స్కూటరు ఇన్సూరెన్స్ కూడా వెనక్కి రాదు కదా! స్తోమత తక్కువైతే కనీసం బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్షా పథకాల్లో చేరండి, మొదటిది మరణానికి, రెండోది ప్రమాదానికి, ఒక్కోదాంట్లో 2 లక్షలు.

పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి. పదిహేనేళ్లు కడితే చాలు, తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు మెచ్యూరిటీ.

ఇంటి స్థలం విషయంలో తొందరపడకండి. చంద్రగిరి, రేణిగుంట రోడ్లలో ఏ వెంచర్‌కు వెళ్లినా మజ్జిగ ఇచ్చి మరీ కూర్చోబెడతారు. మజ్జిగ తాగండి, అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందో లేదో, ఈసీలో (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా) ఏముందో, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) వరసగా ఉన్నాయో లేదో లాయరుతో చూపించుకున్నాకే. పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజుకని దాచింది స్థలంలో పెడితే, సరిగ్గా కౌన్సెలింగ్ రోజుల్లో కొనేవాడు దొరకడు.

హౌస్ లోన్ ఉంటే ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టి చూడండి. 30 లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్ల లోన్ పదహారున్నర ఏళ్లకే తీరిపోతుంది.

5. యాభైల్లో

పిల్లల చదువు, పెళ్లి, మీ ముసలితనం మూడూ ఒకే సంచిలోంచి లాగుతుంటాయి. చదువుకు లోన్ దొరుకుతుంది, ముసలితనానికి ఏ బ్యాంకూ ఇవ్వదు. అందుకే పెళ్లి కోసం పీఎఫ్ మొత్తం ఊడ్చేయొద్దంటాను, బంధువులు ఏమన్నా సరే.

హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే ఇప్పుడే తీసుకోండి. ముందే ఉన్న షుగరు, బీపీల లాంటి వాటికి కంపెనీ మూడేళ్ల దాకా ఆగమనొచ్చు, అంటే 57లో వేలూరు ఆస్పత్రికి పోవాల్సొస్తే 54లోనే పాలసీ ఉండాలి.

6. రిటైరయ్యాక

మామ డబ్బును మూడు ముక్కలు చేశాం. పెళ్లికి 5 లక్షలు ఏడాది డిపాజిట్. 2 లక్షలు అత్యవసరానికి. మిగతా 11 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకం. అరవై దాటినవాళ్లు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది గానీ, చేరిన రోజున్న రేటు ఐదేళ్లూ మారదు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకు ఎంతొస్తుందో నేను ఫోన్ తీసేలోపే మామ చెప్పేశాడు: 22,550. ముప్పై ఏళ్లు టికెట్ డబ్బు లెక్కపెట్టిన మనిషి మరి.

బ్యాంకులోనే ఎక్కువ ఉంచేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, బ్యాంకు మునిగితే ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా. అంతకు మించితే రెండు మూడు బ్యాంకులకు సర్దండి.

చివరగా నామినీ. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి, యజమాని కాదు. ఎవరికి ఎంతన్నది తేలాలంటే వీలునామా రాయాలి. ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇదంతా చెబుతూ మామ పాస్‌బుక్ తిరగేశాను. నామినీ దగ్గర వాళ్ల నాన్న పేరుంది. పెళ్లికి ముందెప్పుడో ఖాతా తెరిచినప్పుడు రాయించిందట. తాత పోయి పదకొండేళ్లయింది. టీ డబ్బులిచ్చి ఇద్దరం బ్యాంకుకు నడిచాం, ఫారంలో అత్త పేరు రాయడానికి మామ కళ్లజోడు కూడా తెచ్చుకోలేదు, నేనే రాశాను.