ఎగ్ పఫ్, వెజ్ పఫ్ ఇంట్లోనే పొరలు పొరలుగా చేసుకోవడం ఎలా?

సాయంత్రం నాలుగు దాటాక మన ఊళ్ళలో ఏ బేకరీ ముందు నిలబడినా, అద్దాల పెట్టెలో బల్బు వెలుగు కింద వరుసగా పేర్చిన ఎగ్ పఫ్‌లు, వెజ్ పఫ్‌లు కనిపిస్తాయి. వాటిని ఇంట్లో చేయడం మన వల్ల కాదని చాలామంది అనుకుంటారు గానీ, లోపల పెట్టే ఉల్లిపాయ మసాలా గానీ బంగాళాదుంప కూర గానీ మన వంటింటికి కొత్తవి కావు. కష్టమంతా పైనున్న పొరల్లో ఉంది. ఆ పొరల కష్టం మడతలు వేయడంలో కంటే, వేసినంతసేపూ వెన్నను కరగనీయకుండా కాపాడుకోవడంలో ఉంది. నేను మొదటిసారి ఈ పనిని మే నెల మధ్యాహ్నం పెట్టుకున్నాను. మూడో మడత పూర్తయ్యేలోపే వెన్న పిండిని చీల్చుకొని వంటింటి గట్టంతా పరుచుకుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ పఫ్‌లకు బదులు పరోటాలు తిన్నాము.

పొరలు ఎలా పుడతాయి?

పొరల వంట మనకు తెలియనిది కాదు. తాపేశ్వరం మడతకాజాలో కూడా పలుచగా వత్తిన పిండిని మడతలుగా చుట్టడం వల్లనే పొరలు ఏర్పడతాయి. అయితే కాజా నూనెలో వేగుతూ పొరలు విచ్చుకుంటుంది, పఫ్ ఓవెన్ వేడికి ఆవిరి బలంతో పైకి లేస్తుంది. మైదా ముద్ద మధ్య వెన్న బిళ్ళను పెట్టి, పొడవుగా వత్తి, మూడు మడతలు వేస్తే ఒక్క వెన్న పొర మూడవుతుంది. మళ్ళీ వత్తి మడిస్తే తొమ్మిది, ఆపైన 27, నాలుగోసారికి 81. ఓవెన్‌లో వేడి తగలగానే పిండిలోని నీరు, వెన్నలోని నీరు ఆవిరవుతాయి. నీరు ఆవిరిగా మారితే దాని ఘనపరిమాణం పదహారు వందల రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి, ఆ ఆవిరి పిండి పొరలను పైకి నెడుతుంది. కరిగిన వెన్న ఆ పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా అడ్డుపడుతుంది. ఇందులో ఈస్టు గానీ సోడా గానీ వేయవలసిన పని లేదు. మడతలు వేసే సమయంలోనే వెన్న కరిగితే అది పిండిలో ఇంకిపోతుంది; అప్పుడు విడివిడి పొరలు మిగలవు, గట్టి బిస్కెట్టు లాంటిది మాత్రమే వస్తుంది.

వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మన వేసవి వంటిల్లు ఆ వేడిని సునాయాసంగా దాటిపోతుంది. అందుకే బేకరీల్లో ఎక్కువ వేడికి గానీ కరగని ప్రత్యేకమైన మార్జరిన్, అంటే నూనెలతో చేసిన వెన్నలాంటి కొవ్వు వాడతారు. దానితో పని సులువు, పఫ్ కూడా బాగా పొంగుతుంది. కానీ నోటి వేడికి అది పూర్తిగా కరగదు కనుక, కొన్ని బేకరీ పఫ్‌లు తిన్నాక అంగిలికి మైనం పూసినట్టు ఉంటుంది. వెన్నతో చేసినవాటిలో ఆ బాధ ఉండదు. ఇంట్లో ఇంత శ్రమ పడేటప్పుడు మార్జరిన్ వాడటంలో అర్థం లేదన్నది నా అభిప్రాయం.

కావలసినవి

పన్నెండు పఫ్‌లకు మైదా 300 గ్రాములు, మడతల మధ్య పెట్టడానికి వెన్న 225 గ్రాములు, పిండిలో కలపడానికి మరో 30 గ్రాముల వెన్న, ఉప్పు ముప్పావు టీ స్పూను, నిమ్మరసం ఒక టీ స్పూను, బాగా చల్లని నీళ్ళు సుమారు 150 మిల్లీలీటర్లు కావాలి. నిమ్మరసం పిండి సాగుడును కొంచెం మెత్తబరిచి, వత్తేటప్పుడు వెనక్కి లాక్కోకుండా చేస్తుంది. దుకాణంలో దొరికే ఉప్పు బటరే వాడుతుంటే పిండిలో వేసే ఉప్పును పావు టీ స్పూనుకు తగ్గించండి. పెరుగు చిలికి తీసిన ఇంటి వెన్నలో మజ్జిగ తడి ఎక్కువగా ఉంటుంది. దానినే వాడదలచుకుంటే ఐసు నీళ్ళలో రెండు మూడుసార్లు పిసికి కడిగి, పలుచని బట్టలో కట్టి తడి పిండేయాలి. నెయ్యి మాత్రం ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే చల్లబడితే పూసకట్టి విరిగిపోతుంది, కాస్త వెచ్చబడితే నీరుకారిపోతుంది.

ముందు కూర, ఆ తరువాతే పిండి

కూర పూర్తిగా చల్లారాలి కాబట్టి దానిని ముందుగా, వీలైతే ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో ఉంచుకోవడం మంచిది. ఎగ్ పఫ్ కోసం ఆరు గుడ్లను పది నిమిషాలు ఉడికించి, చన్నీళ్ళలో వేసి, పెంకు తీసి నిలువుగా రెండు ముక్కలు చేసుకోవాలి. నాలుగు ఉల్లిపాయలను సన్నగా, పొడవుగా తరిగి రెండు టేబుల్ స్పూన్ల నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు పచ్చిమిర్చి, చిటికెడు పసుపు, టీ స్పూను కారం, టీ స్పూను ధనియాల పొడి, అర టీ స్పూను గరం మసాలా, సరిపడా ఉప్పు వేసి, పచ్చివాసన పోయాక కొత్తిమీర చల్లి దింపాలి. టమాటా వేయకపోవడమే మేలు. వేస్తే దాని తడి మొత్తం ఇగిరి నూనె పైకి తేలేదాకా వేయించాలి, ఎందుకంటే కూరలో మిగిలిన తడి అడుగు పొరను ఉడికించి మైదా ముద్దగా మార్చేస్తుంది. బేకరీలో కొన్న పఫ్ అడుగున కొన్నిసార్లు తగిలే పచ్చి పిండికి చాలావరకు కారణం ఇదే.

వెజ్ పఫ్‌కు ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్, పచ్చి బఠాణీలను ఇదే ఉల్లిపాయ మసాలాలో కలిపి, దుంపను సగం మాత్రం చిదిమి పొడిపొడిగా చేసుకోవాలి. చికెన్ అయితే ఎముకలు లేని ముక్కలను పూర్తిగా ఉడికించి, సన్నగా చీల్చి, రసం ఇగిరేదాకా వేయించాలి.

పిండి కలపడం, వెన్న బిళ్ళ చేయడం

మైదాలో ఉప్పు, 30 గ్రాముల వెన్న వేసి వేళ్ళ కొసలతో పొడిపొడిగా కలిపి, నిమ్మరసం కలిపిన చల్లని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. పూరీ పిండి కంటే మెత్తగా, చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా ఉంటే చాలు, ఎక్కువగా మర్దించకూడదు. ముద్దను మూతపెట్టి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా 225 గ్రాముల వెన్నను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి, అప్పడాల కర్రతో తట్టి, 15 సెంటీమీటర్ల చదరపు బిళ్ళగా, దాదాపు సెంటీమీటరు మందంలో ఒత్తి దానిని కూడా చల్లబరచండి.

వెన్న, పిండి రెండూ దాదాపు ఒకే మెత్తదనంలో ఉన్నప్పుడే మడతలు మొదలుపెట్టాలి. బిళ్ళను కొంచెం వంచితే విరగకుండా వంగాలి, వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలికి జిడ్డు అంటకూడదు. రాయిలా గట్టిగా ఉన్న వెన్నను వత్తితే అది లోపల ముక్కలు ముక్కలుగా విరిగిపోయి పొరలు తెగిపోతాయి.

గది వేడిని గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే ఎప్పుడు చేసినా ఫరవాలేదు. మిగతా కాలంలో తెల్లవారుజామున గానీ, ఏసీ ఉన్న గదిలో గానీ పని పెట్టుకోండి. గ్రానైట్ గట్టు ఉంటే దాని మీద ఐసు ముక్కలున్న పళ్ళెం పది నిమిషాలు ఉంచి, తడి తుడిచి, అక్కడే వత్తుకోవచ్చు. ఫ్యాన్ గాలికి పిండి పైభాగం ఎండి పగులుతుంది కనుక దానిని ఆపేయడమే మంచిది.

మడతలు

1. పిండిని 23 సెంటీమీటర్ల చదరంగా వత్తి, వెన్న బిళ్ళ మూలలు పిండి అంచుల వైపు వచ్చేలా ఏటవాలుగా మధ్యలో పెట్టి, పిండి నాలుగు మూలలనూ ఉత్తరం కవరులా మధ్యకు మడిచి, అతుకులు గట్టిగా నొక్కండి. వెన్న ఎక్కడా బయటికి కనిపించకూడదు.

2. గట్టు మీద పొడి మైదా పలుచగా చల్లి, కర్రతో ముందు అక్కడక్కడా మెల్లగా నొక్కి, తరువాత 15 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల పొడవు వచ్చేదాకా ఒకే దిశలో వత్తండి. పైనున్న పొడి మైదాను బ్రష్షుతో దులిపి, చీరను మూడు పొరలుగా మడిచినట్టు మూడు మడతలు వేయండి. పొడి మైదా లోపల మిగిలితే ఆ పొర అక్కడ అతకదు.

3. మడిచిన దానిని బటర్ పేపరులో చుట్టి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ విరామం వెన్న గట్టిపడటానికే కాదు, సాగిన పిండి సేద తీరడానికి కూడా. తరువాత దానిని పావు వంతు తిప్పి, అంటే మడత అంచు మీకు పక్కవైపు వచ్చేలా పెట్టి, మళ్ళీ వత్తి మడవండి.

4. ఇలా మొత్తం నాలుగుసార్లు చేయండి. ఓపిక ఉంటే అయిదోసారి కూడా చేయవచ్చు, అప్పుడు 243 వెన్న పొరలు వస్తాయి. ఫ్రెంచి వంటవాళ్ళ సంప్రదాయ పద్ధతిలో ఆరు మడతలతో 729 పొరలు వేస్తారు గానీ, కూర బరువు మోయవలసిన మన పఫ్‌కు నాలుగు మడతల మందమైన పొరలే బాగుంటాయి.

మధ్యలో వెన్న ఎక్కడైనా బయటికి తొంగిచూస్తే ఆ చోట చిటికెడు పొడి మైదా అద్ది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మరి రెండు వత్తులు వత్తేద్దామనే ఆత్రమే పని మొత్తాన్ని చెడగొడుతుంది. చివరి మడత తరువాత గంటసేపు, లేదా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు.

అమెరికాలో ఉన్న మన వాళ్ళు చాలామంది గడ్డకట్టించి అమ్మే పఫ్ షీట్లతోనే ఎగ్ పఫ్ చేసుకుంటారు, అందులో తప్పేమీ లేదు. వాటిని ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చి, మడత విప్పితే పగలనంత మెత్తబడ్డాక ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

కోయడం, నింపడం

పిండిని రెండు భాగాలు చేసి, ఒకదానిని ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండోదానిని 24, 36 సెంటీమీటర్ల కొలతలో, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంగా వత్తండి. ముందుగా నాలుగు వైపులా అంచులను సన్నగా కోసి తీసేయాలి, ఎందుకంటే మడత పడ్డ అంచు పొరలను పైకి లేవనివ్వదు. మిగిలినదానిని 11 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే ఆరు వస్తాయి. పదునైన కత్తిని నేరుగా కిందికి నొక్కి కోయాలే తప్ప లాగకూడదు. లాగితే పొరల అంచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఒక్కో చదరం మధ్యలో టేబుల్ స్పూను మసాలా, దాని మీద కోసిన వైపు కిందికి ఉండేలా సగం గుడ్డు పెట్టి, ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను గుడ్డు మీదికి తెచ్చి, కలిసే చోట నీటి తడి అద్ది అతికించండి. వెజ్ పఫ్ అయితే ఒక సగం మీద కూర పెట్టి, రెండో సగం మూసి దీర్ఘచతురస్రంగా చేస్తే ఏది గుడ్డుదో ఏది కూరదో విప్పి చూడకుండానే తెలుస్తుంది. ఆశపడి కూర ఎక్కువ పెడితే అతుకులు విడిపోతాయి. నింపినవాటిని 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, గిలకొట్టిన గుడ్డును పైభాగానికి మాత్రమే బ్రష్షుతో పూయండి. కోసిన అంచుల మీదికి అది కారితే అక్కడి పొరలు అతుక్కొని పఫ్ ఒకవైపు ఒరుగుతుంది. గుడ్డు వాడనివారు పాలు పూయవచ్చు, మెరుపు కొంచెం తగ్గుతుంది, అంతే.

కాల్చడం

ఓటీజీని (వంటింటి గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) కింది, పై రాడ్లు రెండూ వెలిగేలా పెట్టి 220 డిగ్రీలకు కనీసం 15 నిమిషాలు ముందుగా వేడి చేయండి. పఫ్‌లు లోపల పెట్టాక 210 డిగ్రీలకు తగ్గించి 15 నిమిషాలు కాల్చండి. ఆ సమయంలో ఎంత ఆత్రంగా ఉన్నా తలుపు తెరవకూడదు. పొరలు ఇంకా గట్టిపడలేదు కనుక వేడి తగ్గితే పొంగింది కూలిపోతుంది. తరువాత 180 డిగ్రీలలో మరో 12 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. రంగు రాగానే తీసేయడం అందరూ చేసే తొందరపాటు. పైన బంగారు రంగు వచ్చినా లోపలి పొరలు పచ్చిగా ఉండవచ్చు. ఒకదానిని ఎత్తి చూస్తే అడుగు కూడా ఎర్రగా, చేతికి తేలికగా ఉండాలి. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ పద్ధతి, అంటే లోపల వేడిగాలిని తిప్పే ఏర్పాటు ఉన్నదే కావాలి, మామూలు మైక్రోవేవ్ వేడిలో పఫ్ కాలదు, ఉడుకుతుంది.

ట్రేలో వెన్న మడుగు కట్టిందంటే ఓవెన్ తగినంత వేడెక్కలేదు, లేదా మడతల దశలోనే వెన్న కరిగిందన్న మాట. కాలినవాటిని జల్లెడలాంటి జాలీ మీద చల్లార్చండి, పళ్ళెంలో పెడితే సొంత ఆవిరికే అడుగు మెత్తబడుతుంది. అదే రోజు తినాలి. మెత్తబడితే 160 డిగ్రీల ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉంచితే మళ్ళీ కరకరలాడతాయి. వెజ్ పఫ్‌లను కాల్చకముందే ఫ్రీజర్‌లో గట్టిపరచి, డబ్బాలో నెల రోజుల దాకా దాచుకొని, కరిగించకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి అయిదారు నిమిషాలు ఎక్కువ కాల్చుకోవచ్చు. గుడ్డు పెట్టినవాటిని మాత్రం అలా దాచకండి, గడ్డకట్టి కరిగిన తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

ఇక కోసి తీసేసిన అంచులను పారేయవద్దు, ముద్దగా పిసకవద్దు కూడా, పిసికితే పొరలన్నీ పోతాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, నొక్కి, వత్తి, వేలెడు ముక్కలుగా కోసి, పైన జీలకర్ర చల్లి, 200 డిగ్రీలలో పది నిమిషాలు, ఆ తరువాత 150 డిగ్రీలలో పూర్తిగా ఆరిపోయేదాకా కాలిస్తే, హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో చాయ్‌లో ముంచుకొని తినే ఖారీకి దగ్గరగా ఉండే బిస్కెట్లు తయారవుతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేస్తే వారం రోజులు నిలవ ఉంటాయి.