సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్మే ముందు జాగ్రత్తలు

ముందు ఇంటి తిండికి, వచ్చే ఏటి విత్తనానికి సరిపడా తీసి పక్కన పెట్టండి. అప్పులవాడి తొందరకి మొత్తం కాటా వేయించేసి, వేసవిలో బియ్యం కొనుక్కునే ఇళ్లు కోనసీమలోనూ లేకపోలేదు.

ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. అసలు పేచీ అంతా ఇక్కడే. యంత్రంతో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. బరకం (టార్పాలిన్) మీద పలచగా పరిచి, మాటిమాటికీ కాళ్లతో తిరగెయ్యండి. పైగింజ ఎండినట్టే కనిపిస్తుంది, అడుగున చెయ్యి పెడితే చెమ్మ తగులుతుంది. కాబట్టి శాంపిల్ అడుగు నుంచే, రెండు మూడు చోట్ల తీసి రైతు సేవా కేంద్రంలో తేమ చూపించుకోండి. వచ్చిన అంకె రాసి పెట్టుకుంటే మిల్లు దగ్గర గట్టిగా అడగొచ్చు. నవంబరు, డిసెంబరుల్లో తుపాన్ల టెన్షన్ ఎలాగూ ఉంటుంది, రాశి మీద కప్పడానికి ఇంకో బరకం ఉంచుకోండి.

ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో పేరు, ఈ-కేవైసీ సరిచూసుకోండి. కౌలు రైతులైతే మరీను. నమోదు భూమి ఆసామి పేరున ఉంటే డబ్బు మీ ఖాతాలో పడదు.

2025-26 మద్దతు ధర క్వింటాకు సాధారణ రకం 2,369, ఏ గ్రేడు 2,389 రూపాయలు. దళారి 75 కిలోల బస్తా లెక్క చెబుతాడు. ఆ లెక్కన సాధారణ రకం బస్తాకి సుమారు 1,777 రావాలి. అంతకు తగ్గితే, చేబదులు ఇచ్చాడన్న మొహమాటంతో తల ఊపకండి.

గోనె సంచుల చిల్లులు కూడా ఓసారి చూసుకోండి.