హీట్ పంప్‌కి కొత్త థర్మోస్టాట్: బిగించడం, సెట్ చేయడం, నడపడం

అమెరికాలో నార్త్ కరోలినా, జార్జియా, టెన్నెసీ వైపు ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి, ఇంట్లో ఉన్నది గ్యాస్ ఫర్నేస్ కాదు హీట్ పంప్ అని మొదటి చలికాలం కరెంటు బిల్లు చూశాకగానీ తెలియదు. బయట ఏసీలా కనిపించే యూనిట్టే చలికాలంలో తిరగబడి నడుస్తూ బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తోస్తుంది. అది చాలనప్పుడు లోపలి ఎయిర్ హ్యాండ్లర్‌లో (ఇల్లంతా గాలి తోసే ఫ్యాను పెట్టె) ఉన్న కరెంటు హీటర్లు తోడవుతాయి. వీటినే ఆక్స్ హీట్ అంటారు. థర్మోస్టాట్ మార్చడం గంట, గంటన్నర పని. వైర్లు కలపడంలో పెద్ద కష్టమేమీ లేదు. బిల్లు పేలేది సెటప్ మెనూలో రెండు విషయాల దగ్గర: ఓ/బీ (వేడికీ చలికీ దిశ మార్చే వాల్వ్ సెట్టింగు), ఆక్స్.

కొత్తది కొనకముందే పాతదాని మూత తీసి చూడండి. లావుపాటి వైర్లు రెండో నాలుగో ఉండి, వైర్ నట్‌లతో బిగించి ఉంటే అది 120 లేదా 240 వోల్టుల లైను. మామూలు థర్మోస్టాట్ దానికి పనికిరాదు, ముట్టుకోవద్దు. టెర్మినల్స్ (వైర్లు బిగించే చోట్లు) మీద ఏ, బీ, సీ, డీ అని నాలుగే ఉంటే (క్యారియర్ ఇన్ఫినిటీ లాంటివి) ఆ కంపెనీ కంట్రోలే కావాలి. సన్నటి రంగు రంగుల వైర్లు ఆరో ఎనిమిదో ఉంటే అది 24 వోల్టుల సిస్టమ్. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

బ్రేకర్లు రెండూ ఆపాలి: ఎయిర్ హ్యాండ్లర్‌ది, బయటి యూనిట్‌ది. 24 వోల్టులు షాక్ కొట్టవుగానీ, ఆర్ వైరు పొరపాటున సీ వైరుకి తగిలితే ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీద కారులో ఉండేలాంటి 3 లేదా 5 ఆంపుల చిన్న ఫ్యూజు పోతుంది. అదీ లేని పాత బోర్డయితే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

వైర్లు విప్పకముందు ఫొటో తీయండి. ఏ టెర్మినల్‌లోంచి ఏది వచ్చిందో స్టిక్కర్ అంటించండి. రంగుని నమ్మొద్దు. ఆరంజ్ వైరు ఓ లోనే ఉంటుందని రూలేమీ లేదు, బిగించినవాళ్లు చేతికందిన రంగు వాడేస్తారు. ఏది దేనికంటే:

ఆర్: 24 వోల్టుల కరెంటు
సీ: తిరుగు వైరు
వై, వై2: కంప్రెసర్ మొదటి, రెండో స్టేజీ
జీ: లోపలి ఫ్యాను
ఓ/బీ: వేడికీ చలికీ దిశ మార్చే రివర్సింగ్ వాల్వ్
డబ్ల్యూ2 లేదా ఆక్స్: కరెంటు హీటర్లు

హీట్ పంప్‌లో పాత థర్మోస్టాట్ మీద ‘డబ్ల్యూ’ అని ఉన్నా అది ఆక్స్ వైరే. కొత్తదాంట్లో దాన్ని ఆక్స్‌లోకే పెట్టాలి. ‘ఈ’ (ఎమర్జెన్సీ హీట్, బయటి యూనిట్ పాడైనప్పుడు వాడేది) టెర్మినల్ నుంచి ఆక్స్‌కి చిన్న జంపర్ (రెండింటినీ కలిపే తీగ ముక్క) వేసి ఉంటే, కొత్త మోడళ్లలో చాలావాటికి అది అక్కర్లేదు. ఎమర్జెన్సీ హీట్‌కి ఆక్స్‌నే వాడమని మెనూలో చెబితే చాలు.

వైఫై థర్మోస్టాట్‌కి సీ వైరు దాదాపు తప్పనిసరి. గోడలో వాడకుండా మడిచి వదిలేసిన వైరు ఒకటి దొరికితే దాన్ని ఇక్కడ సీ లోకి, అటు ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీద సీ లోకి కలపండి. బ్రేకర్ వేసి మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఆర్, సీ మధ్య చూస్తే 24 నుంచి 28 దాకా రావాలి. వచ్చాక మళ్లీ బ్రేకర్ ఆపి మిగతా పని చేయండి.

వైర్లు వచ్చే గోడ రంధ్రాన్ని పుట్టీతోనో ఫోమ్‌తోనో మూసేయండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. అటక నుంచి గోడ లోపలగా దిగే చల్లగాలి సరిగ్గా సెన్సర్ వెనక తగిలి, ఇల్లు వెచ్చగా ఉన్నా థర్మోస్టాట్‌కి చలేస్తూనే ఉంటుంది.

ఇక సెటప్. సిస్టమ్ రకం ‘హీట్ పంప్’ అని ఎంచుకోవాలి. చాలా కంపెనీల వాల్వ్‌కి చల్లబరిచేటప్పుడు కరెంటు వెళ్తుంది, అంటే ‘ఓ’. రీమ్, రూడ్ మెషీన్లకి వేడి చేసేటప్పుడు వెళ్తుంది, అంటే ‘బీ’. ఇది తప్పు పెడితే వెంటనే తెలియకపోవడమే అసలు చిక్కు. కంప్రెసర్ ఇంటిని చల్లబరుస్తుంటే ఆక్స్ హీటర్లు దాంతో పోట్లాడి వెచ్చబెడతాయి. ఇల్లు ఎలాగో వేడెక్కుతుంది, మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది. అందుకే టెస్ట్ చేసేటప్పుడు హీట్ మోడ్‌లో ఒక్క డిగ్రీయే పెంచండి. తెర మీద ‘ఆక్స్’ అని లేదని చూసుకోండి. కంప్రెసర్‌ని కాపాడే ఐదు నిమిషాల ఆలస్యం ఉంటుంది, ఓపిక పట్టండి. తర్వాత పది నిమిషాలకి బయటి యూనిట్ దగ్గర రెండు రాగి గొట్టాల్లో లావుదానికి వేలు అలా ఆనించి తీయండి. వేడిగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. చల్లగా ఉంటే ఓ/బీ మార్చాలి.

ఆక్స్ సంగతికొస్తే, 10 కిలోవాట్ల హీటర్లు గంటకి 10 యూనిట్లు తాగుతాయి. అదే వేడిని ఓ మోస్తరు చలిలో హీట్ పంప్ మూడో వంతు కరెంటుతోనే ఇస్తుంది. కాబట్టి బయట 35 నుంచి 40 ఫారన్‌హీట్ పైన ఉన్నప్పుడు ఆక్స్ రాకుండా లాకౌట్ పెట్టండి. గది సెట్ చేసినదానికి 2 డిగ్రీలు తగ్గితేనే అది రావాలి. మీది గ్యాస్ ఫర్నేస్ కూడా ఉన్న డ్యూయల్ ఫ్యూయల్ అయితే మెనూలో అదే ఎంచుకోవాలి. ఫర్నేసూ హీట్ పంపూ మామూలుగా ఒకేసారి నడవకూడదు, కాయిల్లో ప్రెషర్ పెరిగి మెషీన్ ట్రిప్ అవుతుంది.

రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచడం ఫర్నేస్‌కి బాగుంటుందిగానీ దీనికి కాదు. ఆరేడు డిగ్రీలు ఒకేసారి ఎక్కించాలంటే అది ఆక్స్‌ని పిలుస్తుంది. 68 పెట్టి వదిలేయండి, తగ్గించినా 2 డిగ్రీలు చాలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి. గదిలోకి గాలి వచ్చే గ్రిల్ దగ్గర గాలి 90 నుంచి 100 డిగ్రీలే ఉండి ఒంటికి చల్లగా తగులుతుంది, పాడైందనుకుని 78కి తిప్పేస్తారు. ‘ఎమర్జెన్సీ హీట్’ అనే మీట పేరు చూసి గడ్డ కట్టే చలికి అనుకోకండి. బయటి యూనిట్ పాడైనప్పుడు మెకానిక్ వచ్చేదాకా వాడేది అది.

చలిలో బయటి యూనిట్ మీద పలచగా మంచు పట్టడం మామూలే, అప్పుడప్పుడు బుస్సుమని ఆవిరి లేస్తే అది ఆ మంచుని కరిగించుకునే డీఫ్రాస్ట్. పది నిమిషాల్లో అయిపోతుంది, ఆ కాసేపు ఆక్స్ వచ్చినా సరే. మంచు గడ్డలా కాయిల్ అంతా కమ్మేసి గంటల తరబడి కరగకపోతేనే మెకానిక్‌ని పిలవండి.

ఎండాకాలంలో కొత్త థర్మోస్టాట్ తెర హఠాత్తుగా నల్లబడితే దాన్ని వాపసు పంపేముందు ఎయిర్ హ్యాండ్లర్ కింద ట్రే చూడండి. డ్రెయిన్ పైపు పాచితో మూసుకుని నీళ్లు నిండితే, ఆ నీళ్లకి పైకి తేలే ఫ్లోట్ స్విచ్ ఆర్ వైరులో కరెంటు ఆపేస్తుంది. నీళ్లని కూడా పీల్చే వెట్ వ్యాక్యూమ్‌తో పైపు బయటి కొస నుంచి లోపలి పాచిని లాగి శుభ్రం చేస్తే తెర మళ్లీ వెలుగుతుంది. ట్రే పొడిగా ఉంటే అప్పుడు ఆ చిన్న ఫ్యూజు చూడండి.