ఓబీ గుట్ట జారకుండా ఆపిన గడ్డి: నా అనుభవం

గోదావరి లోయ బొగ్గు గనుల దగ్గర ఓబీ గుట్టల మీద మొక్కలు నాటించే పని నాది. ఓబీ అంటే బొగ్గు కోసం తవ్వి పక్కన పోసిన రాయీ మట్టీ. మొదటి ఏడు గుంతలు తీసి టేకు, వేప పెట్టించాను. జులై వానకు వాలంతా చారలు చారలుగా కోసుకుపోయి, మొక్కలతో సహా బురద వాగులో కలిసింది. పైగా బిల్లు ఆగుతుందని టెన్షన్.

పనికొచ్చిన అవ్వ పిడికెడు మట్టి నలిపి చూసి, “ఇందుల ఒక్క ఎర్ర (వానపాము) గూడ లేదు బిడ్డా, చెట్టెట్ల బతుకుతది?” అంది.

రెండో ఏడు చెట్ల జోలికి పోలేదు. వాలుకు అడ్డంగా 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వట్టివేరు గడ్డి పిలకలు నాటాం. దాని వేళ్లు పక్కకు పాకవు, నిలువుగా 2-3 మీటర్లు దిగుతాయి. వరసల మధ్య జనుము, జీలుగ చల్లాం. బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, 8 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (గాలిలోని నత్రజనిని వేళ్లలో పట్టే బ్యాక్టీరియా) పట్టించి, నీడలో ఆరబెట్టాం. ఎండలో పోస్తే ఆ సూక్ష్మజీవులు చస్తాయి. పాత కానుగ చెట్ల కింది మట్టి కూడా గంపలతో తెచ్చి కలిపాం. వేళ్లకు భాస్వరం అందించే శిలీంధ్రాలు అందులో ఉంటాయి.

నలభై రోజులకు ఒక జనుము మొక్క పీకాను. వేళ్లకు ఆవగింజల్లాంటి బుడిపెలు. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు! నత్రజని పడుతోందన్నమాట. పూత దశలో కోసి అక్కడే పరిచేశాం.

ఆ ఏడు వానకు వాలు నిలిచింది. పైఅంచు మాత్రం మేకలు వదల్లేదు, మళ్లీ నాటాల్సి వచ్చింది.