తుప్పు పట్టిన పాత కారును పిల్లలతో కలిసి బాగుచేసే విధానం

ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉన్న పాతకాలపు కారును మళ్లీ రోడ్డెక్కించాలని తల్లి గానీ తండ్రి గానీ పిల్లలతో కలిసి పూనుకున్నప్పుడు, పని ఏ వరుసలో సాగాలన్నది ముందుగా తేల్చుకోవాలి. ఉత్సాహం కొద్దీ మొదటి వారాల్లోనే కారు మొత్తాన్ని విప్పేసినవాళ్లకు ఆ తర్వాత నెలల తరబడి కనిపించేది విడిభాగాల కుప్ప మాత్రమే. ఇలాంటి బండ్లలో అనేకం ఆ దశలోనే ఆగిపోయి, పెట్టెల్లో సర్దిన స్థితిలోనే చేతులు మారుతుంటాయి. వృత్తి మెకానిక్కుకు మొత్తం విప్పి పని చేయడం గిట్టుబాటు కావచ్చు. పదేళ్లో పన్నెండేళ్లో ఉన్న పిల్లలు పక్కన ఉన్నప్పుడు మాత్రం ఒక భాగాన్ని విప్పి, తుప్పు వదిలించి, రంగు వేసి, పూర్తయిందనుకున్నాకే మరో భాగం మీద చేయి వేయడం మేలు. ఈ పద్ధతిలో కాలం ఎక్కువ పడుతుంది, కానీ చేసిన పని ఎప్పటికప్పుడు పిల్లల కళ్లెదుట ఉంటుంది.

తుప్పు లోతు తెలుసుకోవడం

ఇనుముకు నీరు, ఆక్సిజన్ తగిలినచోట తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ చర్య మరింత వేగం అందుకుంటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే రంగు కింద బొబ్బలు లేస్తాయి, అతుకు మధ్యలో చేరిన తుప్పు రెండు రేకులనూ విడదీస్తుంది. అయితే ఎర్రగా కనిపించేదంతా ఒకే రకం కాదు. పైపైన పట్టినది గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. గుంటలు పడేంతగా తిన్నదానికి రసాయనం అవసరమవుతుంది. రేకును తొలిచేసిన చోట మాత్రం ఆ ముక్కను కోసి కొత్త రేకు అతకడం తప్ప మార్గం లేదు.

ఏది ఎక్కడ ఉందో తేల్చడానికి టార్చిలైటు, మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం, మొండి స్క్రూడ్రైవర్ చాలు. ఇనుప రేకు బాడీ మీద అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద పుట్టీ దట్టంగా ఉందని అర్థం. స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది. ఈ తనిఖీని పిల్లలకే అప్పగించి, అనుమానం కలిగిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టమనాలి; పెద్దవాళ్ల చేయి, చూపు పట్టని సందుల్లోకి వాళ్లు సులువుగా చూడగలరు.

వెతకవలసిన చోట్లు ఏ కారులోనైనా దాదాపు ఒకటే: తలుపుల కింద పొడవునా సాగే సిల్లులు, కాళ్లు పెట్టుకునే ఫ్లోరు, చక్రాల మీది వంపులు, బ్యాటరీ కూర్చునే పళ్లెం, స్టెప్నీ గుంత, అద్దాల రబ్బరు అంచులు, తలుపుల అడుగుభాగాలు. వీటిలో తలుపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కిటికీ అద్దం పక్కగా లోపలికి దిగిన వాన నీరు బయటికి పోవడానికి తలుపు అడుగు అంచులో చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఆకుల పొడి, రాలిన రబ్బరు కలిసి వాటిని మూసేస్తే నీరు లోపలే నిలిచి, బయటికి మచ్చయినా కనబడకముందే రేకును లోపలి నుంచి తినేస్తుంది. సన్నని తీగతో ఆ రంధ్రాన్ని పొడిచినప్పుడు నల్లని తడి మట్టి జారిపడితే, బయటి రంగు ఎంత నున్నగా ఉన్నా ఆ తలుపును పని పట్టీలో చేర్చాల్సిందే.

స్ప్రింగులు, సస్పెన్షన్ వచ్చి చాసిస్‌కు బిగిసే చోట్ల స్క్రూడ్రైవర్ మొన దిగబడితే, ఆ కారు తొలి ప్రయత్నానికి తగినది కాదు. ఇంజన్ చెడిపోయి బాడీ గట్టిగా ఉన్న కారును బాగుచేయడం, ఇంజన్ బాగుండి బాడీ కుళ్లిన కారును బాగుచేయడం కంటే ఎంతో తేలికని నా అభిప్రాయం.

పిల్లలకు ఏ పని ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు

పాత కార్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితో, చేతులకు అంటుకుని నోటి ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది. ఎదిగే వయసులో మెదడుకు అది చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. అందుకే పాత రంగును ముట్టుకునే ముందు సీసం పరీక్ష కిట్టుతో చూసుకోవాలి. సీసం ఉందని తేలితే ఆ రంగును పెద్దలే, తగిన రెస్పిరేటర్ పెట్టుకుని, తడిపి తొలగించాలి, ఆ బట్టలను వేరుగా ఉతకాలి. పాత బ్రేక్ షూలలో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక డ్రమ్ములో పేరుకున్న ధూళిని గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తీసి మూటగట్టి పారేయాలి. గ్రైండర్‌కు బిగించిన వైర్ బ్రష్ నుంచి తీగలు విరిగి ఎగురుతాయి, కాబట్టి ఆ పని జరిగేటప్పుడు దూరంగా నిలబడి చూసేవాళ్లకు కూడా రక్షణ కళ్లద్దాలు ఉండాలి. పెట్రోలు ట్యాంకు ఖాళీ అయినంత మాత్రాన భయం తీరినట్టు కాదు. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలగలదు కాబట్టి దాన్ని బండి నుంచి దించి దూరంగా పెట్టకుండా వెల్డింగ్ మొదలుపెట్టకూడదు.

జాకీ బండిని ఎత్తడానికే పనికివస్తుంది. ఎత్తిన బండి చదునైన కాంక్రీటు నేల మీద స్టాండ్లపై నిలవాలి, నేల మీద మిగిలిన చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టాలి, బండిని చేతులతో గట్టిగా ఊపి చూశాకే ఎవరైనా కిందికి వెళ్లాలి. ఈ క్రమాన్ని ప్రతిసారీ పిల్లల చేత పైకి చెప్పించడం మంచి అలవాటు.

ఇన్ని నిషేధాల తర్వాత పిల్లలకు మిగిలేది స్పానర్లు అందించే పని మాత్రమే అయితే వాళ్లు రెండో వారానికే ముఖం చాటేస్తారు. మొదటి నుంచి చివరి దాకా వాళ్ల సొంతమనిపించే పనులు కేటాయించాలి. టెయిల్ ల్యాంపులు విప్పి, కరెంటు సరిగా అందని అతుకులను శుభ్రం చేసి, కొత్త తీగ వేసి మళ్లీ వెలిగించడం అలాంటిదే. సిలిండర్ హెడ్డును విప్పినప్పుడు వాల్వులకు అరగదీసే గరుకు పేస్టు పూసి, చేతి కర్రతో అటూ ఇటూ తిప్పుతూ అరగదీసి, అంచు చుట్టూ తెగని బూడిదరంగు వలయం వచ్చేదాకా సరిచూడటం మరొకటి. ఈ రెండో పని చాలామంది పెద్దల కంటే పిల్లలే ఓపికగా చేస్తారు.

విప్పడం, పట్టు వదలని బోల్టు

ముందుగా బ్యాటరీ వేరు చేయాలి. బాడీకి కలిసిన తీగనే మొదట విప్పాలి. అది ఎప్పుడూ నెగటివే అనుకోకూడదు, ఎందుకంటే పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఆ తర్వాత విప్పే ప్రతి భాగాన్నీ విప్పకముందు ఒకటి, విప్పాక ఒకటి ఫొటో తీసి, దాని బోల్టులను ఒక సంచిలో వేసి, చీటీ రాసి కట్టాలి. ఈ లెక్క రాసే పుస్తకం పిల్లల చేతిలో ఉండటమే మంచిది.

తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టు మీద బలం చూపితే తల తెగిపోతుంది. ముందు వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, మరల్లోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. మరునాడు బోల్టు తలకు సరిగ్గా పట్టే ఆరుపలకల సాకెట్ పెట్టి, సుత్తితో తల మీద రెండు మూడు దెబ్బలు కొట్టి, మొదట బిగించే వైపే వెంట్రుకవాసి కదపాలి. కిర్రుమన్న చప్పుడుతో తుప్పు పట్టు తెగాక వదులు చేసే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, మళ్లీ నూనె. తొందరపడి ఒకే వైపు తిప్పుతూ పోతే ఊడిన తుప్పు పొడి మరల్లో ఇరుక్కుని మళ్లీ పట్టేస్తుంది. దేనికీ లొంగనప్పుడు వేడి చేయవలసి ఉంటుంది. అది పెద్దల పని, అదీ నూనె తుడిచేసి, ఇంధన గొట్టాలు దగ్గర లేవని చూసుకున్నాకే.

తొట్టిలో తుప్పు వదిలించడం

బ్రాకెట్లు, కబ్జాలు, బ్యాటరీ పళ్లెం వంటి చిన్న ఇనుప భాగాలకు విద్యుద్విశ్లేషణను మించిన పద్ధతి లేదు. పిల్లలకు రసాయన శాస్త్రం కళ్లారా కనిపించేదీ ఇక్కడే. ప్లాస్టిక్ తొట్టిలో నీరు నింపి, 4 లీటర్లకు సుమారు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా, అంటే సోడియం కార్బొనేట్, కలపాలి. వంట ఉప్పు కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుట్టవచ్చు కనుక దాన్ని వాడకూడదు. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ క్లిప్పును తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ క్లిప్పును పనికిరాని మామూలు ఇనుప పలకకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా నీటిలో వేలాడదీయాలి. ఆ పలక స్టెయిన్‌లెస్ స్టీలు అయితే నీటిలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది కాబట్టి అది పనికిరాదు. అల్యూమినియం భాగాలనూ ఇందులో ముంచకూడదు.

ఛార్జర్ వేయగానే భాగం చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి. అవి హైడ్రోజన్, అందుకే తొట్టిని ఆరుబయట పెట్టాలి, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు, నీటిలో చేయి పెట్టే ముందు ప్రతిసారీ ఛార్జర్ ఆపాలి. కొన్ని గంటలకు నీటి మీద గోధుమరంగు నురగ కడుతుంది, ఇనుప పలక అరిగిపోతుంటుంది, తుప్పు భాగం మాత్రం నల్లబడుతుంది. బయటికి తీసి బ్రష్‌తో రుద్దితే ఆ నలుపు మెత్తని బురదలా ఊడిపోయి బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. గట్టి ఇనుము అరగదు. వెంటనే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ రోజే రంగుకు ముందు పూసే ప్రైమర్ వేయకపోతే మళ్లీ ఎర్రని పొర కమ్ముతుంది. స్ప్రింగులనూ అధిక బలం గల బోల్టులనూ మాత్రం ఈ తొట్టిలో గానీ ఆమ్లంలో గానీ వేయకూడదు, ఎందుకంటే హైడ్రోజన్ చొరబడి వాటిని పెళుసుగా మార్చగలదు.

రేకు, ఇంజన్, బ్రేకులు

సిల్లులు కోయవలసి వస్తే ముందుగా తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు అతికించి బిగించాలి, లేకపోతే బాడీ కుంగి ఆ తర్వాత తలుపు మూసుకోదు. పలుచని రేకును ఏకధాటిగా వెల్డ్ చేస్తే వేడికి వంకర పోతుంది, కాబట్టి దూరదూరంగా చుక్కలు పెడుతూ, చల్లారనిస్తూ కలుపుకుంటూ పోవాలి. నేర్పు లేనివాళ్లు ఈ ఒక్క పనిని వృత్తి వెల్డర్‌కు అప్పగించడంలో చిన్నతనం లేదు. రంధ్రం మీద నేరుగా పుట్టీ మెత్తడం మాత్రం తుప్పును దాచిపెట్టడమే.

చాలాకాలం ఆగిపోయిన ఇంజన్‌ను స్టార్టర్‌తో తిప్పే ప్రయత్నం చేయకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, క్రాంక్ షాఫ్టు నట్టుకు పొడవైన స్పానర్ తగిలించి చేత్తో నిదానంగా కదపాలి. పాత పెట్రోలును ట్యాంకు నుంచి పూర్తిగా తోడేసి, ఇంధన గొట్టాలు మార్చి, కార్బ్యురేటర్‌లో పేరుకున్న జిగురును కడగాలి.

బ్రేకుల విషయంలో పొదుపు పనికిరాదు. రబ్బరు గొట్టాలు, సీళ్లు అన్నీ కొత్తవి వేయాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసి ఎంతోకాలం ఉంచిన డబ్బాను వాడకూడదు. ఆ ద్రవం రంగు మీద పడితే రంగు లేచిపోతుంది.

రంగు, తొలి ప్రయాణం

శుభ్రమైన ఇనుము మీద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అవసరమైనంత పుట్టీ, మళ్లీ ప్రైమర్, ఆపైన రంగు అన్నదే క్రమం. ప్రైమర్‌ను నీటితో తడుపుతూ గరుకు కాగితంతో నునుపు చేయడం పిల్లలకు ఇవ్వదగిన పని. రెండు భాగాలు కలిపి కొట్టే రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి మామూలు మాస్కు సరిపోదు. ఆ స్ప్రేను తగిన ఏర్పాట్లున్న చోటే కొట్టించాలి. రంగు ఆరాక సిల్లుల, తలుపుల లోపలి బోలు భాగాల్లోకి మైనం స్ప్రే చేయాలి, అయితే నీరు పోయే రంధ్రాలు మూసుకోకుండా చూడాలి.

మొదటిసారి ఇంజన్ మొదలుపెట్టేటప్పుడు బండిని ఆరుబయటికి తెచ్చి, మంటలార్పే సిలిండర్ అందుబాటులో ఉంచుకుని, ఒకరు ఆయిల్ ప్రెజర్ మీటరును, మరొకరు ఇంధన గొట్టాల అతుకులను గమనించాలి. తొలి పరుగు ఖాళీ స్థలంలో నడక వేగంతో, బ్రేకులు పరీక్షిస్తూ సాగాలి. అది పెద్దలు ఒంటరిగా చేయాలి, పిల్లలు బయట నిలబడి ఏ చక్రం దగ్గర చప్పుడు వస్తోందో చెప్పాలి. రోడ్డు మీద 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లను బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితో మళ్లీ సరిచూసి, బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గిందేమో గమనించి, ఆ వివరాలను తేదీతో సహా విడిభాగాల లెక్క రాసిన పుస్తకంలోనే పిల్లల చేత రాయించాలి.