రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ సెటప్, 3వ పాఠం: ముందు గేర్ పళ్లు లెక్కపెట్టండి, తర్వాతే థ్రాటిల్

పోయిన పాఠంలో స్టిక్ మధ్యలో ఉంటే బ్లేడ్ల పిచ్ (వాలు కోణం) సున్నా చూపించేలా సెట్ చేశాం. అది చేయకుండా ఇక్కడికొచ్చిన వాళ్లు వెనక్కి వెళ్లి చేసి రండి, పిచ్ తేడాగా ఉంటే ఈ పాఠం పనిచేయదు.

మోటార్ కనెక్ట్ చేయగానే రేడియోలో థ్రాటిల్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే మోటార్‌కి ఎంత థ్రాటిల్ అని చెప్పే గీత) గెలకడం అందరికీ ఉన్న అలవాటే, నాకూ ఉండేది. దానికి ముందు ఓ కాగితం తీసుకోండి. 450 సైజు హెలికాప్టర్, 3500 కేవీ మోటార్ (లోడ్ లేకుండా వోల్టుకి నిమిషానికి 3500 చుట్లు), 3ఎస్ బ్యాటరీ (మూడు సెల్స్, 11.1 వోల్టులు) అనుకుందాం. 11.1 వోల్టులతో గుణిస్తే మోటార్ స్పీడు నిమిషానికి 38,850 చుట్లు. పినియన్‌కి (మోటార్ మీదుండే చిన్న గేర్) 13 పళ్లు, మెయిన్ గేర్‌కి 150, అంటే 13తో గుణించి 150తో భాగిస్తే హెడ్ స్పీడ్ (పైన తిరిగే పెద్ద బ్లేడ్ల స్పీడు) 3,367. లోడ్ పడ్డాక ఇంత రాదు, ఓ 15 శాతం తీసేస్తే 2,860 దగ్గర తేలుతుంది. ఇదే మీ సీలింగ్, అంటే గరిష్ఠ స్పీడు.

ఇప్పుడు గవర్నర్ (లోడ్ మారినా హెడ్ స్పీడ్ నిలకడగా ఉంచే ఏర్పాటు) ఆన్ చేసి కర్వ్‌లో అన్ని పాయింట్లూ 80 శాతం పెట్టండి. అవును, గీత అడ్డంగా సాపుగానే ఉండాలి, ఎందుకంటే గవర్నర్ మోడ్‌లో ఆ అంకె పవర్ కాదు, మీరు అడుగుతున్న స్పీడు. సుమారు 2,300 రావాలి, అయితే ఈఎస్సీని (మోటార్ స్పీడు కంట్రోలర్‌ని) బట్టి మారుతుంది కాబట్టి టాకోమీటర్‌తోనో (చుట్లు కొలిచే మీటర్) ఈఎస్సీ లాగ్‌లోనో చూసుకోండి. మరి 100 ఎందుకు పెట్టకూడదు? పిచ్ ఒక్కసారిగా పెంచినప్పుడు, బ్యాటరీ చివరికొచ్చి వోల్టేజి పడినప్పుడు స్పీడు నిలబెట్టడానికి గవర్నర్ దగ్గర మిగులు ఉండాలి, 100లో అది సున్నా. అలాగని 50కి దించితే ఈఎస్సీ సగం థ్రాటిల్‌లో కొట్టుకుంటూ వేడెక్కిపోతుంది. స్పీడు బాగా తగ్గాలంటే 12 పళ్ల పినియన్ వేయండి, సీలింగే 2,640కి దిగుతుంది.

పెంచాలనిపిస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: స్పీడు 20 శాతం పెరిగితే బ్లేడ్ గ్రిప్ (బ్లేడ్‌ని పట్టి ఉంచే భాగం) మీద లాగుడు 44 శాతం పెరుగుతుంది. బ్లేడ్ల మీద రాసిన లిమిట్ దాటొద్దు.

ఇక ఎగరేసి చెవులతో పరీక్ష. మనుషులకి దూరంగా, రెండు మీటర్ల ఎత్తులో హోవర్ చేస్తూ కలెక్టివ్ (అన్ని బ్లేడ్ల పిచ్‌నీ ఒకేసారి మార్చే స్టిక్) గబుక్కున తోయండి. మోటార్ గొంతు కిందికి జారి తోక పక్కకి తన్నిందా, మిగులు చాలట్లేదు, లేదా బ్యాటరీ అలసిపోయింది. స్టిక్ కదపకపోయినా గొంతు ఊగుతుంటే గవర్నర్ గెయిన్ (తేడాని ఎంత గట్టిగా సరిచేయాలనే సెట్టింగ్) ఎక్కువ, కొంచెం కొంచెంగా తగ్గించండి. స్పీడు పెంచాక తోక గబగబా వణికితే థ్రాటిల్ జోలికి పోవద్దు, టెయిల్ గెయిన్ దించండి. హెడ్‌తో పాటు టెయిల్ రోటర్ కూడా వేగంగా తిరుగుతోంది మరి.

దిగాక థ్రాటిల్ హోల్డ్ (మోటార్‌ని ఆపి ఉంచే స్విచ్) వేసి, బ్లేడ్లు ఆగాక బ్యాటరీ తీసి, ఈఎస్సీ మీద వేలు పెట్టండి. మూడు సెకన్లు ఉంచలేకపోతే ఇంకో ఫ్లైట్ వద్దు. థ్రాటిల్ హోల్డ్ మర్చిపోయి ఓసారి నేను టేబుల్ మీద మోటార్ స్టార్ట్ చేసేశాను, బ్లేడ్లు ఊడదీసి ఉన్నాయి కాబట్టి ఇవాళ పది వేళ్లతో టైప్ చేస్తున్నా.

హోంవర్క్: 75, 80, 85 మూడింట్లో ఎగరేసి, ప్రతిసారీ హెడ్ స్పీడ్, దిగాక బ్యాటరీలో మిగిలిన వోల్టేజి రాసుకోండి. 4వ పాఠంలో టెయిల్ గెయిన్ ఆ అంకెలతోనే మొదలుపెడదాం.