పవర్ బీఐలో పాత లెక్కలు కదపకుండా కొత్త డేటా మాత్రమే రిఫ్రెష్ చేయడం ఎలా?

పాతకాలం కొట్లలో ఏడాదికో ఆవర్జా పుస్తకం ఉండేది. ఏడాది తిరిగాక దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసేవాళ్లు. ఇవాళ్టి అమ్మకం రాయడానికి ఐదేళ్ల పుస్తకాలు కిందికి దించి, మొదటి పేజీ నుంచి తిరగరాసే గుమాస్తా ఎక్కడా ఉండడు. లెక్కల్ని చార్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో చేసిన మన రిపోర్టు మాత్రం రిఫ్రెష్ నొక్కిన ప్రతిసారీ ఆ పనే చేస్తుంది, డేటా అంతా మళ్లీ మొదటి నుంచి తెచ్చుకుంటుంది. బెంగళూరు యశవంతపురలో కిరాణా సరుకు హోల్‌సేల్ చేసే మావాళ్లకు నేను చేసిచ్చిన రిపోర్టు ఇలాగే తిప్పలు పెట్టింది. లెక్కలన్నీ ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, రాత్రికి ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లోకి చేరతాయి. డేటా పెరిగేకొద్దీ రిఫ్రెష్ సాగి సాగి, ఒకరోజు రెండు గంటలు దాటి ఆగిపోయింది. పవర్ బీఐ ప్రో లైసెన్సులో రిఫ్రెష్‌కు ఉన్న గడువు ఆ రెండు గంటలే. దీనికి మందు ఇంక్రిమెంటల్ రిఫ్రెష్, అంటే పాత డేటా కదపకుండా కొత్తది మాత్రమే తెచ్చుకోవడం. 2020 నుంచి ప్రో వాళ్లకూ ఇది అందుబాటులో ఉంది.

కంప్యూటర్ ముట్టుకోకముందు అకౌంటెంట్ దగ్గరికి వెళ్లండి. నేనైతే ఇదే మొదటి స్టెప్పు అంటాను. మా అకౌంటెంట్‌ది హిందూపురం. ‘‘అన్నా, పాత బిల్లు మార్చాల్సొస్తే ఎంత వెనక్కి పోతారు?’’ అని అడిగా. ‘‘మామూలుగా వారం. మార్చి నెలాఖరులో అయితే రెండు నెలలు కూడా పోతాం’’ అన్నాడు. బ్యాక్ డేట్ ఎంట్రీ ఎంతవరకు పోతుందో, రోజూ రిఫ్రెష్ అయ్యే భాగం అంతకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. నేను మూడు నెలలు పెట్టుకున్నా.

ఇక పవర్ బీఐ డెస్క్‌టాప్, అంటే మన కంప్యూటర్‌లో రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం. ట్రాన్స్‌ఫార్మ్ డేటాలోకి వెళ్లి, మేనేజ్ పారామీటర్స్‌లో రెండు పారామీటర్లు (విలువ మార్చుకోగల పేర్లు) చేయండి: రేంజ్‌స్టార్ట్, రేంజ్‌ఎండ్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఆర్, ఎస్, ఇ మాత్రమే పెద్ద అక్షరాలు. ఈ పేర్లు పవర్ బీఐ తనకోసం కేటాయించుకున్నవి, ఒక్క అక్షరం తేడా వచ్చినా గుర్తుపట్టదు. రెండింటి రకం డేట్/టైమ్. విలువలుగా ఒక నెల ఇస్తే చాలు, ఉదాహరణకు 2025 మే 1, 2025 జూన్ 1. అలా చేస్తే మీ ల్యాప్‌టాప్‌లోకి ఆ నెల డేటానే వస్తుంది. పబ్లిష్ చేశాక, అంటే ఫైల్‌ను పవర్ బీఐ ఆన్‌లైన్ సర్వీసుకు ఎక్కించాక, అసలు తేదీలను ఆ సర్వీసే వేసుకుంటుంది.

తర్వాత అమ్మకాల టేబుల్‌లో బిల్లు తేదీ కాలమ్‌కు కస్టమ్ ఫిల్టర్ పెట్టాలి. ఆ కాలమ్ కూడా డేట్/టైమ్ రకంగా ఉండాలి. బిల్లు తేదీ రేంజ్‌స్టార్ట్‌కు సమానం లేదా దాని తర్వాత, రేంజ్‌ఎండ్‌కు ముందు. ‘సమానం’ ఒక్క వైపే. నేను మొదటిసారి రెండు వైపులా పెట్టేశా. వారం తర్వాత ఓనర్ ఫోన్ చేసి, ‘‘ఏమప్పా, ఒకటో తారీఖు అమ్మకం ఇంత పెరిగిందే!’’ అన్నారు. పెరిగింది అమ్మకం కాదు. ఇటీవలి డేటాను పవర్ బీఐ నెలల వారీ ముక్కలుగా పెట్టుకుంటుంది. మన బిల్లులకు టైమ్ లేదు, తేదీ మాత్రమే ఉంది. కాబట్టి జూన్ 1 బిల్లులన్నీ అర్ధరాత్రి 12 గంటలవిగానే లెక్క. అవి మే ముక్క చివర్లోనూ పడ్డాయి, జూన్ ముక్క మొదట్లోనూ పడ్డాయి.

ఈ ఫిల్టర్‌కు బిల్లు మార్చిన తేదీ కాలమ్ వాడకండి. బిల్లు మారగానే అది కొత్త ముక్కలోకి వస్తుంది, పాత కాపీ పాత ముక్కలో అలాగే ఉండిపోతుంది.

ఫిల్టర్ స్టెప్ మీద రైట్ క్లిక్ చేసి వ్యూ నేటివ్ క్వెరీ (సర్వర్‌కు వెళ్లే అసలు ప్రశ్న) చూడండి. అందులో మన తేదీల షరతు కనిపిస్తే, డేటాను సర్వరే వడకట్టి పంపుతోందని అర్థం. షరతు కనిపించకపోతే మొత్తం డేటా ఇటు వచ్చాకే వడకడుతోంది, ఇక పడ్డ కష్టమంతా వృథా. ఫిల్టర్‌ను వీలైనంత ముందు స్టెప్పుల్లోనే పెట్టండి. వడకట్టి పంపే సర్వర్ లేని ఎక్సెల్, సీఎస్‌వీ ఫైళ్ల మీద నడిచే రిపోర్టులకు దీంతో పెద్దగా లాభం ఉండదు.

క్లోజ్ అండ్ అప్లై కొట్టి బయటికొచ్చి, టేబుల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ తెరవండి. అక్కడ రెండు లెక్కలు అడుగుతుంది: ఎంతకాలం డేటా ఉంచాలి, అందులో ఎంత మేరకు ప్రతిసారీ రిఫ్రెష్ చేయాలి. రెండోది అకౌంటెంట్ చెప్పేశాడు. మొదటిదానిలో ఒక మెలిక ఉంది. మూడేళ్లు అని పెడితే అవి జనవరి నుంచి డిసెంబరు దాకా ఉండే ఏళ్లు. 2025లో రిఫ్రెష్ చేస్తే 2022 జనవరి 1 నుంచి డేటా ఉంటుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో కదా మొదలయ్యేది! అంటే 2021-22 కింద మూడు నెలల అమ్మకమే కనిపిస్తుంది. ఆ ఏడాది వ్యాపారం మునిగిపోయినట్టు గ్రాఫ్ గీస్తుంది. అందుకే కావాల్సినదానికన్నా ఒక ఏడాది ఎక్కువ పెట్టి, సగంలో తెగిన ఆర్థిక సంవత్సరాన్ని రిపోర్టులో దాచేయండి. గడువు దాటిన పాత ఏడాదిని పవర్ బీఐ తనంతట తానే తీసేస్తుంది, మనం డిలీట్ చేయక్కర్లేదు.

అక్కడే పూర్తయిన నెలల్ని మాత్రమే రిఫ్రెష్ చేయాలా అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. దాన్ని వదిలేయండి, టిక్ పెడితే నడుస్తున్న నెల రాదు. మీరు నెలలకు బదులు రోజుల లెక్క పెట్టుకుని ఆ టిక్ కావాలనుకుంటే, రిఫ్రెష్ టైమ్ ఉదయం ఆరుకు మార్చండి. సర్వీస్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) గడియారం ప్రకారం నడుస్తుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. బెంగళూరులో తెల్లవారుజామున నాలుగైతే దానికింకా నిన్నటి రాత్రి పదిన్నరే, నిన్నటి రోజు పూర్తయినట్టు కాదు.

ఇక పబ్లిష్ చేసి, సర్వీసులో ఒకసారి రిఫ్రెష్ చేయండి. ఆ మొదటిసారి పాత డేటా అంతా వస్తుంది కాబట్టి చాలాసేపు పడుతుంది, టెన్షన్ వద్దు. రాత్రి పూట పెట్టుకోండి. అదీ రెండు గంటలు దాటేలా ఉంటే ఉంచే ఏళ్లు తగ్గించుకోవాలి, లేదంటే ఐదు గంటల గడువున్న ప్రీమియం తీసుకోవాలి. రెండోసారి నుంచి మూడు నెలలదే పని.

చార్ట్ రంగు మార్చాలని అదే ఫైల్‌ను డెస్క్‌టాప్ నుంచి మళ్లీ పబ్లిష్ చేశారో, సర్వీసులో కట్టిన ముక్కలన్నీ పోయి, డేటా అంతా మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. అందుకే డేటా ఫైల్ వేరు, చార్టుల ఫైల్ వేరు చేసుకోండి. చార్టుల ఫైల్‌ను సర్వీసులోని డేటా మోడల్‌కు లైవ్‌గా కలిపితే, దాన్ని రోజుకు పదిసార్లు పబ్లిష్ చేసినా ఇబ్బంది లేదు.

చివరగా అకౌంటెంట్ అన్నతో ట్యాలీలో ఒక్కో రూపాయి చొప్పున రెండు బిల్లులు వేయించా. ఒకటి పోయిన నెల తేదీతో, ఇంకోటి ఎనిమిది నెలల కిందటి తేదీతో. పొద్దున చూస్తే మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. ‘‘అంత పాత బిల్లు మారిస్తే నాకు మెసేజ్ పెట్టన్నా, మళ్లీ పబ్లిష్ చేసి మొత్తం ఎక్కిస్తా’’ అని చెప్పి, ఆ రెండు బిల్లులూ తీసేయించా.